చుక్కల జల్లెడ

మన దగ్గర పదో తరగతి పాసైన ప్రతి మనిషికీ సరిగ్గా రెండే పుట్టుమచ్చలుంటాయి. నమ్మకపోతే సర్టిఫికెట్ తీసి చూసుకోండి. మా టీచరు ఆడపిల్లలందర్నీ వరసగా నిలబెట్టి, చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, దొరికితే సరే, దొరక్కపోతే "ఏదో ఒకటి చెప్పవే, నా బస్సు వెళ్లిపోతుంది" అనేది. నాకు మెడ మీద మచ్చ ఉందని రాసింది. ఇప్పటికీ లేదు. పెద్దయ్యాక చర్మ వైద్యం చదువుకున్నాను కాబట్టి చెబుతున్నాను, ఒక్కో ఒంటి మీద మచ్చలు పదులకొద్దీ ఉంటాయి. ఏ ఇద్దరికీ ఒకే చోట, ఒకే ఎడంలో ఉండవు.

ఈ మాటే ఒకరోజు భోజనాల దగ్గర నవ్వుతూ అన్నాను. ఎదురుగా కూర్చున్న భ్రమరాంబ మేడమ్ నవ్వలేదు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, "అయితే మొహం మార్చినా అవి మారవు కదే?" అంది.

మేడమ్ కాకినాడలో కంప్యూటర్ ప్రొఫెసరు. చేతి మీద పొక్కులకని నా క్లినిక్‌కి వచ్చి, అవి తగ్గినందుకు గోంగూర పచ్చడి పంపి, మా అమ్మ పోయాక నాకు అమ్మంత అయింది. ఆ రోజుల్లో ఆవిడ మనసు మనసులో లేదు. ఆవిడ క్లాసులో ముందు బెంచీలో కూర్చునే పిల్ల వీడియోని ఎవడో నెట్‌లో పెట్టాడు. ఆ పిల్ల చదువు మానేసి ఊరే వదిలి వెళ్లిపోయింది. దాన్ని తీయించడానికి మేడమ్ ఎక్కని గడప లేదు. ఒక సైటులో తీయిస్తే ఇంకో సైటులో తేలేది. మొహాన్ని బట్టి వెతికే యంత్రాలు లేకపోలేదు. కానీ పెట్టేవాళ్లు తెలివిమీరిపోయారు. మొహాన్ని మసక చేసేవాళ్లు, లేదా ఇంకెవరి మొహమో తెచ్చి అతికించేవాళ్లు. యంత్రం చేతులెత్తేసేది. ఒంటి మీది మచ్చల్ని మాత్రం ఆ వెధవలెవరూ పట్టించుకోలేదు.

అలా పుట్టింది మా జల్లెడ.

రామారావుపేటలో ఒక మేడ మీద రెండు గదులు తీసుకున్నాం. ఒక గదిలో మేడమ్ కంప్యూటర్లు. రెండో గదిలో నిలువెత్తు పెట్టె, దాని లోపల చుట్టూ చిన్న చిన్న కెమెరాలు. అందులో నిలబడితే ఒంటి మీద మచ్చలెక్కడున్నాయో అది కొలుస్తుంది. ఫోటో దాచుకోదు. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు మాత్రం మిగులుతాయి. ఆ చుక్కల పటం పట్టుకుని యంత్రం నెట్ అంతా జల్లించి, అదే ఒళ్లు కనబడ్డ ప్రతి వీడియోనీ పట్టుకుంటుంది. మొహం ఎవరిదైనా సరే.

అందులో మొదట నిలబడింది దీవెన. నా క్లినిక్‌లో నర్సు. నేను బోర్డు తగిలించిన నాటి నుంచీ నాతోనే ఉంది. పేషెంట్లు నా కంటే ఆమెనే ఎక్కువ నమ్ముతారు, ఇంజక్షన్ నొప్పి తెలియనివ్వదని. నర్సింగ్ చదివే రోజుల్లో ఒకణ్ని ప్రేమించింది. వాడు ఆమెకి తెలియకుండా తీసిన వీడియోని, ఆమె వాణ్ని వదిలేసిన ఏడాదికి నెట్‌లో పెట్టాడు. తన మొహం కూడా ఎక్కడ బయటపడుతుందోనని ఇద్దరి మొహాలూ మసక చేసి పెట్టాడు. ఆ తర్వాత దీవెనకి జోసెఫ్‌తో పెళ్లయింది. సంగతి ఈ లోకంలో నాకొక్కదానికే చెప్పుకుంది. "రోడ్డు మీద ఎవడైనా రెండుసార్లు చూస్తే, వీడు చూశాడేమో అనిపిస్తదండి డాక్టరమ్మ గారూ" అనేది.

పెట్టెలోంచి బయటికొచ్చి తన చుక్కల పటం చూసుకుంది. ముగ్గుకి చుక్కలు పెట్టి, గీతలు కలపకుండా లేచిపోయినట్టుంది అది.

"ఇది చూసి నన్నెవరూ పోల్చలేరు కదండి?" అని అడిగింది.

మేడమ్ లేచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఈ చుక్కలు నా దగ్గర్నుంచి ఎక్కడికీ పోవమ్మా. తీసేయించడానికే తప్ప ఇంక దేనికీ వాడను. నా ప్రాణం మీద ఒట్టు" అంది. అది నటన కాదు. ఆవిడ కళ్లల్లో నీళ్లు నేను చూశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నీళ్ల మీదే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

తర్వాత దరఖాస్తు నింపాలి. మేడమ్ దగ్గర పనిచేసే విద్యార్థి ఎవరో పాత స్కాలర్‌షిప్ దరఖాస్తుని దించేశాడు. అందులో పేరు కింద 'తండ్రి లేదా భర్త పేరు, ఫోను' అని ఒక గడి ఉంది.

"ఇది మనకెందుకు మేడమ్?" అన్నాను.

"ఆ గడి లేకపోతే అది దరఖాస్తులా ఉండదే" అందావిడ. ముగ్గురం నవ్వుకున్నాం. దీవెన గుండ్రటి అక్షరాలతో జోసెఫ్ పేరూ, ఫోను నంబరూ రాసింది. పుట్టినప్పట్నుంచీ రేషన్ కార్డు దగ్గర్నుంచి ఆసుపత్రి చీటీ దాకా రాసే గడే కదా. చెయ్యి దానంతటదే రాసేస్తుంది.

జల్లెడ పనిచేసింది. దీవెన వీడియో ఎన్నెన్ని పేర్లతో, ఎన్నెన్ని మొహాలతో తిరుగుతోందో అప్పుడు తెలిసింది. అప్పటికే ఇలాంటి వీడియోల్ని ఆపడానికని స్వచ్ఛ తెర చట్టం వచ్చి, దాని కింద మండలి ఒకటి ఏర్పడింది. మండలి ఆర్డరు వేస్తే ఏ కంపెనీ అయినా గంటలో తీసి తీరాలి. మేము పట్టుకున్నవన్నీ మండలికి పంపాం. అన్నీ పోయాయి. మళ్లీ ఎవడైనా పెడితే, జనం చూసేలోపే జల్లెడ పట్టేసేది. ఆ వారం దీవెన, మా క్లినిక్ పక్కన బ్యూటీ పార్లర్ సూర్యకళ దగ్గర పెదవులకి రంగు పూయించుకుని వచ్చి కొత్తగా కనిపించింది; ఆవిడ ఊరికే పూస్తానన్నా ఇన్నాళ్లూ వద్దనేది. కాజాల పొట్లం తెచ్చి క్లినిక్‌లో అందరికీ పంచింది. ఎందుకని ఎవరైనా అడిగితే "ఊరికేనండి" అంది.

ఆ తర్వాత ఆడవాళ్లు వచ్చారు. మొగుడు తీసినవాళ్లు, బట్టల షాపు గదిలో కెమెరాకి దొరికినవాళ్లు, ఏమీ జరక్కపోయినా ముందు జాగ్రత్తగా వచ్చిన కాలేజీ పిల్లలు. ఎక్కువమంది నన్ను చూసి వచ్చారు. డాక్టరమ్మ ముందు బట్టలు విప్పడం అలవాటే కదా అనుకుని వచ్చారు. మేడమ్‌ని మండలి సలహాదారుగా వేసుకుంది. పేపర్లో ఫోటో పడితే కత్తిరించి నా క్లినిక్ గోడకి నేనే అంటించాను.

ఒక మధ్యాహ్నం జోసెఫ్ వచ్చాడు. చేపల రేవు దగ్గర బోటు ఇంజన్లు బాగుచేసే షెడ్డు అతనిది. ఎప్పుడొచ్చినా గుమ్మం బయటే చేతుల గ్రీజు తుడుచుకుని వచ్చే మనిషి, ఆ రోజు తుడుచుకోలేదు. దీవెన లోపల డ్రెస్సింగ్ చేస్తోంది.

"ఈ మండలి మీ మేడమ్ గారిదేనంటగా అండి" అని ఫోను నా ముందు పెట్టాడు.

మండలి నుంచి వచ్చిన సందేశం అది. 'మీ కుటుంబానికి చెందిన స్త్రీ ఒక నేరంలో బాధితురాలని గుర్తించబడినది. నిర్ధారణ నిమిత్తం జతపరచిన దృశ్యమును చూచి, అవును లేదా కాదు నొక్కగలరు.' కింద వీడియో. మేము తుడిచిపెట్టిన వీడియో. ఈ భూమ్మీద ఇంకెక్కడా లేకుండా చేశామని కాజాలు తిన్న వీడియో.

"చూశావా?" అన్నాను. అడగాల్సిన మాట కాదు.

"మండలి అంటే కరెంటోళ్లలాగా ఏదో బిల్లనుకున్నానండి. షెడ్డులో ఉండగా నొక్కాను. మా తమ్ముడు పక్కనే ఉన్నాడు. ఆడే ముందు పోల్చాడండి. ఒదిన నవ్వులా వినపడతందేంటన్నా, అన్నాడు."

"ఏం నొక్కావు?"

"ఏం నొక్కమంటారండి? అవునంటే ఒక బాధ, కాదంటే ఇంకో బాధ. ఫోను జేబులో ఎట్టుకుని ఇలా వచ్చేశాను."

తెర పక్కకి జరిగిన చప్పుడైంది. దీవెన ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. ట్రే కింద పెట్టింది, చేతులు కడుక్కుంది, బ్యాగు తీసుకుంది. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "మీరు చెప్పారని ఇచ్చానండి" అంది. మేడమ్ పేరు ఎత్తనే లేదు.

అప్పటికప్పుడు రామారావుపేట వెళ్లాను. మెట్లెక్కుతూ నాకు నేనే చెప్పుకుంటున్నాను, ఎవడో దొంగతనం చేసి ఉంటాడు, మేడమ్‌కి తెలిసి ఉండదు అని. లోపల ఆవిడ ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటోంది. నన్ను చూసి రెండో గ్లాసు కూడా తీసింది.

"మేడమ్, దీవెన మొగుడికి వీడియో వెళ్లింది."

"వెళ్తుంది" అంది. "ఈ నెల నుంచే మొదలైంది."

గ్లాసు నా వైపు జరిపి, కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. ఇదివరకు ఒక పక్క పటం పెడితే ఇంకో పక్క వీడియోలు వచ్చేవి. ఇప్పుడు ఒక వీడియో పెట్టింది. మొహం మసకగా ఉన్న ఎవరో అమ్మాయి. రెండు క్షణాల్లో పక్కన పేరు, ఊరు, తండ్రి పేరు, తండ్రి ఫోను నంబరు వచ్చేశాయి. యంత్రం అదే. చుక్కలు అవే. తిరగేసి పట్టుకుని మండలికి అప్పజెప్పింది, అంతే.

"ఒట్టు వేశారు" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది.

"వేశాను. ఎన్నాళ్లే ఊడవడం? మనం తీస్తూనే ఉన్నాం, వాళ్లు పెడుతూనే ఉన్నారు. సైట్లు మూయిస్తే పేరు మార్చుకుని మళ్లీ తెరుస్తున్నారు. తీసినవాణ్ని జైల్లో పెడితే తప్ప ఇది ఆగదు. వాడెవడో చెప్పాల్సింది ఎవరు? అందులో ఉన్న ఆడపిల్ల. ఆ పిల్లెవరో తెలియకపోతే కేసేది? నా క్లాసు పిల్ల విషయంలో వాడు ఇవాళ్టికీ దర్జాగా ఉద్యోగం చేసుకుంటున్నాడు సుభా."

"అడిగి చేయొచ్చు కదా. ఒక్కొక్కళ్లనీ పిలిచి, కేసు పెడతావా తల్లీ అని అడగొచ్చు కదా."

"అడిగితే ఎవరు ఒప్పుకుంటారు?"

"నాకైనా చెప్పొచ్చు కదా."

"నువ్వసలే ఒప్పుకోవు. అందుకే చెప్పలేదు." టీ తాగుతూ, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అంది.

"సరే, చేశారు. మొగుడికెందుకు పంపారు? ఆమెకి కాకుండా మొగుడికెందుకు?"

అప్పుడు మాత్రం ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "దరఖాస్తులో ఇంటివాళ్ల నంబరు అదే కదే ఉంది" అంది. మళ్లీ తనే, "దాని గురించి ఆలోచించలేదు" అంది. వేల మంది ఆడవాళ్ల ఒంటి మీద చుక్కలన్నీ ఆలోచించగలిగిన మనిషి, ఈ ఒక్కటీ ఆలోచించలేదు.

కంచే చేను మేస్తే అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కానీ కంచె మేస్తున్నప్పుడు చేనుకి ఎలా ఉంటుందో ఆ మాటలో లేదు. ఆవిడ మీద పడి ఏడవాలో, ఆ కంప్యూటర్లు ఎత్తి కింద పడెయ్యాలో తెలియలేదు. టీ ముట్టుకోకుండా వచ్చేశాను.

జోసెఫ్ ఏ మీటా నొక్కలేదు. ఇంటివాళ్లు జవాబు చెప్పకపోతే మండలి నియమించిన చర్మ వైద్యులు మనిషిని స్వయంగా చూసి, మచ్చలు సరిపోలాయో లేదో రాసివ్వాలని నిబంధన. మా జిల్లాకి ఆ వైద్యురాలు ఎవరనుకున్నారు? నేనే. మంచి పని కదా అని జల్లెడ కొత్తల్లో నేనే సంతకం పెట్టాను.

మేడమ్ ఫోన్ చేసింది. "నువ్వే చూస్తే ఆ పిల్లకి సిగ్గుగా ఉండదు, నేనే చెప్పి నీకే వేయించాను" అంది. ఆవిడ అది మా మేలు కోరే చేసింది. ఆవిడతో చిక్కంతా అదే.

"నేను సరిపోలాయని రాస్తే ఏమవుతుంది మేడమ్?"

"కేసు నమోదవుతుంది. దీవెన వాంగ్మూలం ఇస్తుంది. వాడికి శిక్ష పడుతుంది."

"కోర్టులో దీవెన పేరు చదువుతారు."

"చదువుతారు."

"సరిపోలలేదని రాస్తే?"

జల్లెడ ఒక్కసారి తప్పు మనిషిని చూపించినా సరే, అది పనికిరాదని పక్కన పెట్టేయాలి. చట్టంలో ఆ వాక్యం రాయించింది మేడమే. అమాయకురాలు ఒక్కతి కూడా ఇరుక్కోకూడదని పట్టుబట్టి మరీ రాయించింది. అలాంటి మనిషే ఇదీ చేసింది. "నువ్వు అబద్ధం రాయవు" అంది మేడమ్. "నువ్వు నా కూతురివే."

విచారణ రోజు దీవెనని జోసెఫే స్కూటర్ మీద తీసుకొచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదని చూస్తేనే తెలుస్తోంది. మండలి ఆఫీసులో పక్క గది ఇచ్చారు. ఒక మంచం, ఒక లైటు, గోడకి తగిలించిన దీవెన చుక్కల పటం. తలుపు వేసి గడియ పెట్టాను.

దీవెన జాకెట్టు హుక్కు మీద చెయ్యి వేసింది.

"వద్దు" అన్నాను. "కూర్చో."

"చూడరా అండి?"

"చూడను."

కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాను. ఆమె మంచం మీద కూర్చుంది. బయట ఎవరో స్టాపిల్ కొడుతున్న చప్పుడు వినబడుతోంది.

"వాడికి శిక్ష పడాలని లేదా నీకు?" అని అడిగాను. ఎటూ తేల్చుకోలేక అడిగాను. ఆమె ఉందంటే సరిపోలాయని రాద్దామనుకున్నాను.

"ఎందుకుండదండి? ఆడు చచ్చినా పండగ చేసుకుంటాను. కానీ ఆ వీడియో కోర్టులో ఎన్నిసార్లు ఏస్తారండి? జడ్జిగారు చూడాలి, ప్లీడర్లు చూడాలి, గుమస్తా చూడాలి. ఇప్పటికే మా మరిది చూశాడు. అన్నం వడ్డిస్తుంటే తల ఎత్తట్లేదు. నేను ఏమన్నా కేసెట్టమని అడిగానా అండి? తీసేయమన్నాను. అంతే కదండీ నేనడిగింది."

అంతే. ఆమె అడిగింది అంతే. నేను లేచి బల్ల దగ్గరికి వెళ్లి, కాగితం మీద 'సరిపోలలేదు' అని రాసి సంతకం పెట్టాను. నా డాక్టరు చదువంతటిలో నేను రాసిన మొదటి అబద్ధం.

హాల్లో మండలి సభ్యులు నలుగురు. పక్కన మేడమ్. కాగితం చదివి వినిపించగానే అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ నా వైపు చూసింది.

"ఒక్కటి కూడా సరిపోలలేదా డాక్టరు గారూ?" నన్ను ఎప్పుడూ గారూ అనని మనిషి.

"లేదండి."

"నా యంత్రం తప్పంటారా?"

"తప్పనే రాశాను."

ఆవిడకి తెలుసు. నాకు తెలుసని ఆవిడకి తెలుసు. ఇంకో డాక్టరుతో చూపిద్దామని ఒక్క మాట అంటే చాలు, నా పట్టా పోతుంది, దీవెన మళ్లీ ఆ మంచం మీద కూర్చోవాలి. మేడమ్ పెదవులు కదిలాయి. కళ్లజోడు తీసి పైటకొంగుతో తుడుచుకుంది. "డాక్టరు గారి మాటే ఖాయం చేయండి" అని, నన్ను దాటుకుని వెళ్లిపోయింది. నా భుజం తగిలినా ఆగలేదు. నమ్మించి గొంతు కోసింది ఆవిడ అనుకుంటూ వచ్చాను. ఆ క్షణంలో ఆవిడ కూడా నా గురించి అదే అనుకుందని తెలిసింది.

మండలి అక్కడికక్కడే ఆర్డరు వేసింది. జల్లెడ ఆపెయ్యాలి, పటాలన్నీ చెరిపెయ్యాలి.

మెట్ల మీద దీవెనని కలుసుకున్నాను. సంగతంతా చెప్పాను. కేసు లేదు, పేరు ఎక్కడా రాదు, పటాలు ఈ సాయంత్రమే చెరిపేస్తారు, ఇంక ఎవరి ఫోనుకీ ఏదీ వెళ్లదు అని ఆయాసపడుతూ చెప్పాను. ఏం ఆశించానో నాకే తెలియదు. చెయ్యి పట్టుకుంటుందనుకున్నానేమో. రేపు క్లినిక్‌కి వస్తానంటుందనుకున్నానేమో.

ఆమె అంతా విన్నది. కింద జోసెఫ్ స్కూటర్ స్టార్ట్ చేసి, ఇటు చూడకుండా నిలబడ్డాడు.

"మరి ఆ వీడియో మా మరిది ఫోనులోకి కూడా ఎక్కిందండి" అంది. "ఆడు మంచోడే, చెరిపేశానన్నాడు. ఆడి స్నేహితులెవరికైనా పోయిందో లేదో నాకు తెలీదు. రేపు మళ్లీ నెట్‌లోకి వస్తే, తీసేదెవరండి డాక్టరమ్మ గారూ?"

"తెలియదమ్మా" అన్నాను.

తల ఊపి, మెట్లు దిగి వెళ్లి, స్కూటర్ వెనక కూర్చుంది. వాళ్లిద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత చోటు ఉంది.